ఒక్క వేలు

"ఇంకెవరి చెయ్యి గేలం కర్రకు తగిలినా, ఆ చేప మీ ఆయన పట్టినట్టు కాదమ్మా. ఈ వేటలో అదే రూలు," అన్నాడు పడవ కెప్టెన్.

రెండు గంటలుగా నడిసముద్రంలో, కుర్చీకి పట్టీలతో బిగించుకుని, తనకంటే పొడవైన చేపతో పెనుగులాడుతున్నాడు భర్త. మొహం కందగడ్డయింది. గుండెకు స్టెంటు వేయించుకుని ఏడాదైనా కాలేదు.

"వదిలెయ్యండి," అందామె పదోసారి.

"చచ్చినా వదలను!"

"నా భయమూ అదే."

ఆమె కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చివరికి లేచి వెళ్ళి, చూపుడు వేలితో కర్రను తాకింది.

"అయ్యయ్యో! ఇక లెక్కలోకి రాదు!" అన్నాడు కెప్టెన్.

"ఎంత పని చేశావే!" భర్త కేకకు పడవంతా దద్దరిల్లింది. చేతులు మాత్రం అప్పటికే కర్రను వదిలేశాయి.

కెప్టెన్ దారం కోయడానికి అటు తిరగగానే, భర్త ఆమె చెవిలో గొణిగాడు: "ఆ వేలేదో గంట ముందే పెట్టొచ్చుగా!"