మంచె దాకా చప్పుడు చెయ్యొద్దు

"నోరు తెరిచినవంటే నీ చుట్టీ మాఫీ, ఊరికి పోవుడు లేదు," అన్నాడు ఫరీదుద్దీన్, భూమేష్ చెవి దగ్గరికొచ్చి. "దగ్గు గూడ రావొద్దు. మంచె దాకా నువ్వు మూగోనివే. సమజైందా?"

భూమేష్ తలూపాడు. నెలాఖరుకు అతనికి చుట్టీ. పుట్టిన దగ్గర్నుంచి ఫోన్‌లో తప్ప చూడని కూతురు నిర్మల్ దగ్గర ఊళ్లో ఎదురుచూస్తోంది. ఆ సెలవు మీద సంతకం పెట్టాల్సింది తోట మేనేజర్ ఫరీదుద్దీనే.

దోహాకు దూరంగా, ఎడారి మధ్యలో అర్బాబ్, అంటే వాళ్ల అరబ్బు యజమాని, ముచ్చటపడి పెంచుకున్న తోట అది. చుట్టూ కంచె. లోపల రేగుచెట్లు, సరుగుడు చెట్లు చిన్నపాటి అడవిలా అల్లుకుపోయాయి. ఆ చివర ఇనుప పైపులతో కట్టిన మంచె ఉంది. ఇవాళ వేటకొచ్చిన అతిథి రామమోహన్, దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో ఉండే కాంట్రాక్టర్. అర్బాబ్‌కి వ్యాపారంలో కావలసినవాడు.

నిజానికి భూమేష్‌ని వెంట తేవడం ఫరీదుద్దీన్‌కి సుతరామూ ఇష్టం లేదు. రామమోహనే పట్టుబట్టాడు.

"కోసేవాడు లేకుండా వేటేంటండీ? తోలు నన్ను తీయమంటారా?"

తోటలో ఉన్న రెండో పనివాడు గంగన్న జ్వరంతో మంచం దిగలేదు. అలా కత్తీ బకెట్టూ భూమేష్ చేతికొచ్చాయి.

బయలుదేరే ముందు ఫరీదుద్దీన్ భూమేష్ రోజూ తొడుక్కునే చొక్కా విప్పించి కొత్త యూనిఫాం వేయించాడు. పాత చొక్కా జేబులోంచి ఎండిపోయిన ఖుబ్బూస్ ముక్కలు రాలాయి.

"ఛీ," అన్నాడు రామమోహన్ ముక్కు మూసుకుని. "పాచి రొట్టెలు జేబులో వేసుకు తిరుగుతారా? ఏం మనుషులండీ."

ఫరీదుద్దీన్ భూమేష్ మెడకీ చేతులకీ అత్తరు దట్టించాడు.

"మనిషి వాసన తెల్వొద్దు సార్. కంచె దుంకి వచ్చిన జంగిల్ జానవర్ గిది. దాని చెవులు, ముక్కు జబర్దస్త్ ఉంటయ్."

"అదండీ పద్ధతంటే," రామమోహన్ మెచ్చుకున్నాడు.

చెట్లలోకి నడిచారు. ముందు ఫరీదుద్దీన్, మధ్యలో తుపాకీతో రామమోహన్, వెనక భూమేష్. కింద ఎండుటాకుల మధ్య నీళ్ల పైపులు కాళ్లకు అడ్డం పడుతున్నాయి. అడవి పక్క ఊళ్లో పుట్టిన భూమేష్ అడుగు పక్కవాడికి కూడా వినపడదు. వేటగాడిగారి బూట్లు మాత్రం కనబడిన ప్రతి పుల్లనీ వెతుక్కుని మరీ విరుస్తున్నాయి. నోట్లో పాన్ మసాలా. నాలుగడుగులకోసారి ఎర్రగా ఉమ్ముతాడు. పచ్చటి ఆకుల మీద పడ్డ ఆ ఉమ్మిని తప్పించుకుంటూ నడవడం భూమేష్‌కి పెద్ద పనైపోయింది.

నోరు మూసుకోవాల్సినవాడు భూమేష్ ఒక్కడేనేమో, రామమోహన్ గుసగుసలు ఆగలేదు.

"కార్జం ఇక్కడే కాల్చుకోవాలండీ, వేడి వేడిగా. ఆడదైతే మాంసం లేతగా ఉంటుందంట. కడుపుతో ఉన్నదైతే ఇంకానంట."

అని పెదాలు నాక్కున్నాడు. అన్నం తినే నోటికి ఆ మాట ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

అత్తరు ఘాటుకి భూమేష్ గొంతులో గరగర మొదలైంది. దగ్గు తన్నుకొస్తోంది. ఫరీదుద్దీన్ వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు. భూమేష్ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ దగ్గు బయటికి రాలేదు.

మంచె చేరారు. ఫరీదుద్దీన్ ముందెక్కి, చెయ్యిచ్చి అతిథిని పైకి లాక్కున్నాడు. ఆ మంచె కట్టింది భూమేషే. అప్పుడు దేనికోసమో ఎవరూ చెప్పలేదు. ఊళ్లో జొన్నచేలో మంచె ఎక్కి, హోయ్ హోయ్ అని కేకలేసి అడవి పందుల్ని తరిమేవాడు. మంచెకి ఇలాంటి పని కూడా ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

రేగుచెట్ల అవతల, నీళ్ల తొట్టి దగ్గర, జింక కనిపించింది. తల దించుకుని నీళ్లు తాగుతోంది.

రామమోహన్ వెంటనే తుపాకీ ఎత్తలేదు. ఫోన్ తీసి ఫరీదుద్దీన్‌కిచ్చాడు. "వీడియో తియ్యండి. అది కాళ్లు కొట్టుకోవడం కూడా పడాలి. మా ఫ్రెండ్స్‌కి పెట్టాలి." కిసుక్కున నవ్వాడు.

భూమేష్‌కి రోత పుట్టింది. పైనున్న మనిషి మీద పుట్టింది. తన చేతిలో ఉన్న బకెట్ మీద పుట్టింది. ఇంతసేపూ బుద్ధిగా మూసుకున్న తన నోటి మీద అన్నిటికంటే ఎక్కువ పుట్టింది.

కూతురు ముఖం గుర్తొచ్చింది. రాత్రి వీడియో కాల్‌లో, ఎప్పుడొస్తవ్ నాయినా అనడిగింది. వస్త బిడ్డా, నెలాఖరుకు వస్త అన్నాడు.

పైన తుపాకీ భుజానికి ఆనింది. ఫరీదుద్దీన్ కిందికి చూసి పెదాల మీద వేలుంచాడు.

భూమేష్ బకెట్ పక్కకి విసిరేశాడు. మంచె ముందుకొచ్చి, తుపాకీకి ఎదురుగా ఖాళీ నేలలో నిలబడ్డాడు.

"హోయ్... హోయ్..." తోటంతా మోగేలా కేకేశాడు.

"పాయె. నీ చుట్టీ పాయె, నా నౌకరీ పాయె," పైనుంచి ఫరీదుద్దీన్ తల పట్టుకున్నాడు.

"ఒరేయ్ దరిద్రుడా, పారిపోతుంది కదరా," రామమోహన్ పళ్లు నూరాడు.

తల్లి చచ్చిన నాటి నుంచి తనకు పాలసీసా పట్టి పెంచిన ఆ గొంతు వినగానే జింక చెవులు రిక్కించి, నేరుగా మంచె ముందుకి పరుగెత్తుకొచ్చి, భూమేష్ కొత్త చొక్కా జేబులో మూతి పెట్టి ఖుబ్బూస్ కోసం వెతకసాగింది.