డబ్బా మనిషి

శుక్రవారం, బడిలో గుడ్డు పెట్టే రోజు. తండా బడి వెనక చెత్తగుంతలో ఆ మనిషి మళ్ళీ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

పులిసిన పప్పు, గుడ్డు పెంకులు, ఎంగిలి విస్తళ్ళు. వాటిలో మోచేతుల దాకా చేతులు. మూతి మీద ఈగలు.

హెడ్మాస్టరు దూలయ్య ముక్కు మూసుకుని గుంత గట్టు దాకా వచ్చాడు.

కల్లూరు నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్ళు. ఇది కాంపౌండు కాదు, కంపౌండు అని ఆయన రోజూ ముక్కు మూసుకునే మొత్తుకుంటాడు. సోమవారం తనిఖీ. చెత్తతో అందమైన వస్తువులు చేసి చూపిన బడికి మండలం షీల్డు. 'వ్యర్థానికీ ఒక అర్థం' అని గోడ మీద రాయించాడు కూడా. ఆ షీల్డు చేతికొస్తే గానీ ఆయన చీదర తీరదు.

"ఏందయ్యా, కుక్కలు సుత వాసన చూసి పోతున్నయ్. నీకు ముక్కు లేదా?"

"ఉంది సారూ. జరంత పనుంది."

"మా చెత్త ఏరి అమ్ముకునుడేనా పని? పిల్లల చెత్త బడి సొత్తు."

"అమ్ముకోను సారూ."

"మరి గా డబ్బాల ఏంది?"

అతను పాలపొడి డబ్బాను కడుపుకు హత్తుకున్నాడు. లోపల గలగలమంది. సోడా మూతలే, తనిఖీలో చూపే దండకు పనికొస్తాయనుకున్నాడు దూలయ్య. జేబురుమాలు అడ్డం పెట్టి, రెండు వేళ్ళతో లాక్కున్నాడు.

"ఇంకోసారి గుంతల కనబడకు."

"పోత సారూ. పిల్లలను మాత్రం గుంతలకు దించకుండ్రి."

"పోటీ వస్తరని భయం," అని దూలయ్య నవ్వాడు.

మర్నాడు కవర్లు, సీసాలు ఏరడానికి పన్నెండు మంది పిల్లలను దించాడు. ఇరవై నాలుగు వట్టి కాళ్ళు.

పావుగంటలో రెండో తరగతి బద్యా కుంటుతూ వచ్చాడు. మడమలో తుప్పు పట్టిన సగం బ్లేడు.

వాణ్ణి బండెక్కించి దవాఖానాకు పంపాక, వంట చేసే గంగక్క అడిగింది.

"ఆ డబ్బా ఏడ పెట్టిన్రు సారూ?"

దూలయ్య తెచ్చి మూత తీశాడు. పెన్సిళ్ళు చెక్కి పారేసిన బ్లేడు ముక్కలు, బెంచీ మేకులు, ట్యూబులైటు పెంకులు. అమ్ముడుపోయేది ఒక్కటీ లేదు.

ముక్కు మూసుకోవడం మరచిపోయాడు.

"ఆయన్ను పిలువు గంగక్కా."

"ఏడున్నడు? మిర్చి ఏరనీకి వేంసూరు దిక్కు పోయిండు పొద్దుగాలనే. ఇగ ఈడేం పని అన్నడు."

"ఎవరాయన?"

గంగక్క డబ్బాకు మెల్లగా మూత పెట్టింది.

"హాతీరాం సారూ. మీరొచ్చే ముందేడు గీ గుంతలనే మేకు దిగి, ధనుర్వాతంతోటి పోయిన మూడో తరగతి రూప్లి నాయన."