పౌలు ఇంటి మాట

ఆత్మకూరు చర్చి మెట్ల మీద కొత్త పాస్టరు జోయల్ తన తొలి ప్రసంగం రాసిన కాగితాన్ని చించబోతుంటే, అతని అవ్వ ఓబమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏందిరా ఇది?"

"పౌలు తన జాబులో 'వెలుగు బిడ్డలు' అన్నాడు గదవ్వా. ఆ మాట అంతకుముందే యూదులు రాసిన తోలు చుట్టల్లో ఉండాది. అవి మృత సముద్రం గుహల్లో దొరికినాయి. ఇందులో రాసినట్టు అది అరువు మాట అని చెప్తే సంఘం నొచ్చుకుంటాది."

"పౌలు ఎవురు?"

"యూదుడే."

ఓబమ్మ పకపకా నవ్వింది. "ఇంటి మాట అరువెట్లయితాది? హైదరాబాదులో ఏడేళ్లు చదివినా నువ్వు మన ఉదయగిరి మాదిరి 'ఉండాది' అనే అంటివే!"

ఇన్నేళ్లూ పుస్తకంలో చదివిన పౌలు, జోయల్‌కు మొదటిసారి ఓ తల్లి దగ్గర మాటలు నేర్చిన బిడ్డలా కనిపించాడు.

ఆ ఉదయం అతను అచ్చం ఉదయగిరి యాసలోనే పౌలు సంగతి చెప్పాడు. సంఘమంతా నవ్వుతూ ఆమెన్ అంది.