పాత్ర పొంతన

జాతకాలు పోయి పాత్ర పొంతనలు వచ్చాయి. మనిషి ముఖం చూసి, అతను కథల్లోని ఏ పాత్రో యంత్రమే చెప్పేస్తుంది. నన్ను ఎప్పుడో "నాయకుడు" అని తేల్చింది. తెనాలిలో మాది స్టీలు పాత్రల కొట్టు. రకం తెలియకుండా సరుకు దించుకోను. మా అమ్మాయి పెళ్లిచూపుల్లో అబ్బాయి మురహరిని యంత్రం "విదూషకుడు" అంది.

"మా హైమకి నాయకుడే కావాలండీ," అంటూ లేచాను.

"ఏ పాత్రైతేనేం, సొట్ట లేకపోతే చాలదాండీ?" అన్నాడు మురహరి.

నా భార్య పకపకా నవ్వింది. మరుక్షణం నావైపు చూసి, భయంగా కొంగుతో నోరు మూసుకుంది.

"ఇంటికో నాయకుడు చాల్లే నాన్నా," అంది హైమ.

లాభనష్టాలు నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. ఇన్నేళ్ల కాపురంలో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. తలవంచుకుని మళ్లీ కూర్చున్నాను.