నాలుగో తూము

ముసలాయన చెయ్యి మోచేతి దాకా గోడలోకి దిగి ఉంది.

నైదా మెట్ల మీద ఆగిపోయింది. వెనక వస్తున్న పదకొండు మంది యాత్రికులూ ఆగారు.

పాతకాలపు ఇంకా రాజుల సమాధులు తవ్వి కుండలూ బంగారమూ అమ్ముకునేవాళ్లు ఆ పెరూ కొండల్లో ఎక్కువ. అలాంటివాణ్ణి చూసి కూడా చెప్పని గైడుకు లైసెన్సు ఊడుతుంది. పోయిన నెలే ఒకతనిది ఊడింది. నైదాకు ఈ ఉనుపాతా శిథిలాల్లో ఇది రెండో వారం.

"తాతా! చెయ్యి బయటికి తియ్యి!"

ఆయన తీశాడు. చేతినిండా బురద. పక్కన పొట్టి పార, మూతి కట్టిన గోతం.

"ఏం తవ్వుతున్నావు?"

"ఇంకొక్కటి మిగిలిందమ్మా. తీసేసి పోతాను."

"మిగతావన్నీ గోతంలోకి చేరినట్టున్నాయి!" అన్నాడు యాత్రికుల్లోంచి గాల్వెస్. ఆయనది సముద్రం ఒడ్డున ఉన్న రాజధాని లీమా. లీమావాళ్లకు ఈ ఎత్తులో ఊపిరి అందదు గానీ, మాటకేం తక్కువ ఉండదు.

నైదా వాకీటాకీ తీసింది. పది నిమిషాల్లో గేటు కాపలాదారు ఎఫ్రాయిన్ వచ్చాడు. అతనూ పూనో ఊరి నుంచి మొన్ననే బదిలీ మీద వచ్చాడు.

"అరగంట ఆగు నాయనా. మధ్యాహ్నం వానొస్తుంది," అన్నాడు ముసలాయన.

"తడుస్తావని భయమా? పోలీస్ స్టేషన్‌కి పైకప్పు ఉందిలే, పద."

ఎఫ్రాయిన్ పారను అవతలికి విసిరేశాడు. గోతం భుజాన వేసుకుని కాగితం చాపాడు. 'తవ్వుతుండగా కళ్లారా చూశాను' అని రాసి నైదా సంతకం పెట్టింది.

ముసలాయన గొడవ పడలేదు. వెనక్కి తిరిగి గోడవైపే చూసుకుంటూ దిగిపోయాడు.

నైదా ఊపిరి పీల్చుకుని అందరినీ గోడ పైన చదును చేసిన పైమెట్టు మీదికి ఎక్కించింది. అక్కడ రోజూ చెప్పే మాటే హుషారుగా చెప్పింది.

"ఈ గోడలు ఐదు వందల ఏళ్ల నాటివి. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. ఎంత వాన కురిసినా నీళ్లు వాటంతట అవే పోతాయి. అదీ మా పెద్దల పనితనం!"

చప్పట్లు కొట్టారు. గాల్వెస్ వేయించిన మొక్కజొన్న గింజలు పంచాడు.

అందరూ ఇంకా పైనుండగానే ఒంటిగంటకు వాన మొదలైంది. తగ్గాక దిగుదామని ఆగారు.

కొండ మీద వాన ఎవరి మాటా వినదు. పావుగంటలో పైమెట్టు మీద నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. ఇంకో పావుగంటకు మోకాళ్లు తాకాయి.

"అమ్మాయ్, నీళ్లు వాటంతట అవే పోతాయన్నావు?" గాల్వెస్ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

నైదా అంచు దగ్గరికెళ్లి తొంగి చూసింది. కింద గోడ నడుము ఉబ్బుతోంది. రాళ్ల సందుల్లోంచి బురద కారుతోంది. దిగడానికి ఉన్న ఒకే ఒక్క మెట్లదారి ఆ గోడ కిందే.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచి ఒక్కతే దిగింది.

గోడ అడుగున వరసగా నాలుగు తూములు. మూడింట్లోంచి నీళ్లు దూకుతున్నాయి. వాటి అంచులు అప్పుడే గీకి శుభ్రం చేసినట్టున్నాయి. ఒక్కోదాని పైన, వాన తగలని గూట్లో, గులకరాయి కింద మూడేసి కోకా ఆకులు. దొంగలెవరూ కొండకు ఆకులు పెట్టి దణ్ణం పెట్టుకుని పోరు.

నాలుగో తూము దగ్గర ఆకుల్లేవు. నీళ్లూ లేవు.

పొద్దున ముసలాయన చెయ్యి పెట్టింది అందులోనే.

నైదాకు భయం కన్నా ముందు సిగ్గేసింది.

పొదలో పడున్న పార తెచ్చి తూములోకి గుచ్చింది. మట్టి, గడ్డివేళ్లు ఊడొచ్చాయి. తర్వాత చాక్లెట్ కాగితాలు. ఆ తర్వాత నలిగిన నీళ్ల సీసా. అది రాగానే బురదనీళ్లు ఎగదన్ని ఆమెను వెల్లకిలా పడేశాయి.

నెత్తి మీద గోడ మూలిగింది.

"దిగండి! ఒక్కొక్కరే! గోడకి చెయ్యి ఆనించొద్దు!"

ఒకరు దిగారు. ఇద్దరు. ఆరుగురు. పది మంది.

గాల్వెస్ మోకాలు పట్టేసి సగంలో కూలబడ్డాడు.

"నా వల్ల కాదు. మీరు పోండి."

"లేవండి సార్! తర్వాత ఎంతైనా తిట్టుకోండి, ఇప్పుడు లేవండి!"

చంకలో చెయ్యి వేసి లాక్కొచ్చింది. ఇద్దరూ మలుపు దాటారో లేదో, గోడ మధ్యభాగం కుప్పకూలింది. వాళ్లు నడిచిన మెట్లు రాళ్ల కింద పడి కనిపించకుండా పోయాయి.

ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. ముసలాయన శుభ్రం చేసిన మూడు తూములే గోడను అంతసేపు ఆపాయి.

గేటు దగ్గర ఎఫ్రాయిన్ గోతం కుమ్మరించి కూర్చున్నాడు. బురద, వేళ్లు, సీసాలు, చాక్లెట్ కాగితాలు.

"ఆయన్ని వెనక్కి పిలిపించు!" అంది నైదా.

"స్టేషన్‌లో కేసు రాసేశారు. నీ సంతకం ఉందిగా. ఇక జన్మలో ఈ గేటు దాటనివ్వరు."

"నా సంతకం నేనే కొట్టేస్తాను! పద, స్టేషన్‌కి పోదాం!"

అప్పుడే కింది ఊరి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. చేతుల్లో, గుడ్డలో చుట్టిన ఉడికిన బంగాళాదుంపలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"మా ఆయన సతుర్నీనో తిండికి దిగి రాలేదమ్మా. పైన తూముల దగ్గరున్నాడా?"

నైదా ఆమెకు ఎదురెళ్లింది.

"ఆయన... ఆయన ఎవరమ్మా?"

"నీరటి. తూములు చూసుకునేవాడు."

"ఆయన్ని ఆ పనిలో పెట్టిందెవరు? మా జాబితాలో ఆ పేరే లేదే!" అన్నాడు ఎఫ్రాయిన్.

ముసలమ్మ తలెత్తి, కూలిన గోడను అప్పుడే చూసింది.

"దాన్ని కట్టినవాళ్లే ఆయన తాతల తాతల్ని ఈ పనిలో పెట్టారు నాయనా. ఆ ఇంటివాళ్లను పొమ్మన్నవాళ్లు మాత్రం ఇవాళ్టి దాకా ఎవరూ లేరు."