కేకత్త అలమర

వదిన అలమర తలుపు తీసిందో లేదో, కేకు గిన్నెలు దబదబమంటూ నేల మీద పడ్డాయి. కేకత్త గబగబా వాటిని ఏరబోయింది. తన పరువంతా ఆ అలమరలోనే ఉంది మరి.

వదిన, అంటే అన్నయ్య భార్య, ఆఫీసు నుంచి నేరుగా వస్తున్నానంటూ వచ్చింది, ఆడపడుచు వంటింట్లో కేకు సామాను సర్దిపెడదామని. ‘మా ఆవిడ ఆఫీసు’ అని అన్నయ్య గొప్పలు చెప్పుకోని రోజుండదు. అలసిపోయి ఉంటావు, వద్దులే వదినా అంటే వినలేదు.

ఆ సామానంతా కేకత్త కొన్నది కాదు. ఆమె చేతి కేకంటే బంధువుల్లో అంత పేరు. అన్నయ్య పిల్లలైతే అత్త అనడం మానేసి కేకత్త అనే పిలుస్తారు. ఎవరు బహుమతి ఇచ్చినా గిన్నో, గరిటో, అచ్చో. కేకు కోసిన ప్రతిసారీ అందరూ ఆహా ఓహో అంటుంటే వదిన ఒక్కతే తల దించుకుని కూర్చునేది. కుళ్ళుకుంటోందిలే అని కేకత్త లోలోపల మురిసిపోయేది.

“ఎక్కువగా వాడేవి చేతికందేలా కింద పెడదాం. ఏవవి?” అని అడిగింది వదిన.

కేకత్త తడబడుతూ ఒక డబ్బా చూపించింది. దానికంటించిన టేపు ఇంకా ఊడనేలేదు. వదిన దాన్ని పక్కన పెట్టి, పెద్దదాంట్లో చిన్నది ఇమిడేలా గిన్నెలు పేర్చింది. వాడిన గుర్తుగా ఉంటుందని కేకత్త పొద్దున్నే వాటికి పూసిన మైదా కాస్తా నేలపాలైంది. గిన్నెల అడుగులు అద్దంలా మెరుస్తున్నాయి. అట్లకాడలాంటివి ఒవెన్‌లో దాచి ఉంటుందేమోనని వదిన దాని తలుపు తీస్తే, లోపల ఉల్లిపాయలు.

కేకత్తకు తల కొట్టేసినట్టయింది. పారిపోదామంటే అది తన వంటిల్లే.

వలవలా ఏడుస్తూ చెప్పేసింది. తనకసలు కేకు చేయడమే రాదు. ఎప్పుడో బజారు చివరి బేకరీలో కొన్న కేకును పళ్ళెంలో పెడితే, నువ్వే చేశావా అన్నారెవరో. నోరు జారి ఊ అంది. ఆ తర్వాత ప్రతి కేకూ అక్కడిదే.

“అన్నయ్యకు చెప్పకు వదినా. సిగ్గుతో చచ్చిపోతాను.”

“చెప్పను,” అంది వదిన, ఉల్లిపాయలు బుట్టలోకి ఏరుతూ. ఆమె ముఖం ఎర్రబడింది. “నువ్వూ మీ అన్నయ్యకు చెప్పకు.”

“ఏమని?”

“నా ఆఫీసు ఉద్యోగం ఎప్పుడో పోయిందని, ఆ బేకరీలో ఆ కేకులు చేస్తున్నది నేనేనని.”