సాకెట్టు వద్దన్న బావ

"ఇది సిప్పేటిరా, మినపప్పడమా? ముట్టుకుంటే పొడైపోతంది!"

ధనుంజయ్ అరుపుకి కంచిలిలో వాళ్ల పెరట్లో రెండు కొబ్బరికాయలు రాలాయంటే నమ్మాలి.

వాసు పళ్లు నూరుతూ, మూత విప్పిన వీడియో ఆటపెట్టెలోకి వంగాడు. బటన్లు, అటూ ఇటూ తిప్పే పుల్ల, తెర, వాటన్నిటినీ ఆడించే ఒకే ఒక్క చిప్పు. సరదాకి తానే చేసిన పెట్టె అది. అక్క గౌరి పెళ్లిలో అలకపాన్పెక్కిన బావ ధనుంజయ్, మోటారు సైకిలు మానేసి దీన్నే అడిగి తీసుకున్నాడు. అదే బావ నిరుడు విందులో నలుగురి ముందు "బొమ్మల మెకానిక్కు" అని నవ్వాడు. ఆనాటి నుంచి వాసు ఈ గడప తొక్కలేదు. ఎన్నిసార్లు రమ్మని పిలిచినా గౌరికి ఏడుపే మిగిలింది.

ఇవాళ పొద్దున బావే ఫోన్ చేశాడు. "నీ సెత్త సామాను కాలిపోనాది. వచ్చి బాగుసేత్తావా, ఊరంతా సెప్పీమంటావా?"

ఆ మాటకు వాసు పలాసలో కొట్టు మూసి బస్సెక్కాడు.

గౌరి మంచినీళ్లు తెచ్చింది. "పక్కింట్లో అడిగి తెచ్చేన్రా. మన నీళ్లు వడకట్టే మిషను పొద్దున్నే ఆగిపోనాది."

"నీళ్లు తర్వాత! ముందు సిప్పు సంగతి తేల్చమను!" అన్నాడు ధనుంజయ్.

వాసు మాడిన చిప్పును ఊడబెరికాడు. "నా సామానుకేటీ రోగం లేదు బావా. ఐదు వోల్టుల పెట్టెకి ఎవరో ఎక్కువ వోల్టుల అడాప్టరు గుచ్చేరు."

"అంటే మా ఇంట్లో దొంగలున్నారా?"

"దొంగలకైనా సిగ్గుంటాది."

"ఓరి నీ నోరు పడిపోను!"

వాసు సంచిలోంచి, చిప్పును అతికించే పనిలేకుండా గుచ్చుకునే సాకెట్టు తీశాడు. "ఇది పెడతాను. మళ్లీ కాలితే పాత సిప్పు లాగీసి కొత్తది నువ్వే గుచ్చుకో. నన్ను పిలవక్కర్లేదు."

ధనుంజయ్ ముఖం కందగడ్డయింది. "సాకెట్టూ లేదు, గీకెట్టూ లేదు! పాతదానిలాగే అతికించు!"

"మళ్లీ కాలితే?"

"మళ్లీ వచ్చి అతుకుతావు. నీ సామానేనా, కాదా?"

"నీ మూర్ఖత్వానికో దండం!" అంటూ వాసు కొత్త చిప్పును బోర్డుకి అతికించేశాడు.

తెర వెలిగింది. పనిచేస్తోందో లేదో చూడాలని ఒక ఆట ఆడారు. దొంగాటన్నావని ఇంకోటి, ఓడిపోయావని మరోటి. గౌరి చేపల పులుసు వడ్డిస్తే, నోటినిండా అన్నం పెట్టుకుని మరీ తిట్టుకున్నారు.

"ఇంకోసారి కాల్చేవంటే సూడు!" గేటు దగ్గర వాసు వేలు చూపించాడు.

"కాలితే రావా? నేనూ సూత్తాను!"

బస్సు వెళ్లిపోయాక, తమ్ముడు తిన్న కంచం కడుగుతూ గౌరి చాలాకాలానికి నవ్వింది. అంతలోనే నొచ్చుకుంది. "అయ్యో, నీళ్ల మిషను కూడా వాడికి సూపించాల్సింది."

ధనుంజయ్ పరుపు కింద దాచిన నీళ్ల మిషను అడాప్టరును తెచ్చి యథాస్థానంలో పెట్టాడు.